వినినంతనె: నెనా, నేనా?

పొద్దున్నుంచీ సుమతీ శతకంలోని "వినదగు నెవ్వరు చెప్పిన" పద్యమే బుర్రలో తిరుగుతోంది, "వినినంతనే వేగపడక..." తర్వాత వివరింపదగునా, విచారింపదగునా? నిన్న పనిలో అరగంటలో మూడుసార్లు పరిస్థితి మారింది, ప్రతిసారీ అప్పటికప్పుడు తేల్చి చెప్పాలి, మూడోసారి టెన్షన్‌లో తప్పు చెప్పాను. త్వరగా తేల్చడమే తప్పంటోందా ఈ పద్యం?

— ముందు ఆ "నే" కురచ చెయ్యండి. వినినం, తనెవే, గపడక... కందం కదా, గణానికి నాలుగే మాత్రలు, మీ దీర్ఘంతో రెండో గణానికి 5 మాత్రలొస్తాయి. విచారింప కూడా అందుకే కుదరదు.

— చిన్నప్పుడు అందరం నే అని సాగదీసే చదివాం లెండి. కిటుకంతా "వివరించు"లో ఉంది. ఇప్పుడంటే ఎదుటివాళ్లకి చెప్పడం, ఇక్కడ మాత్రం విడదీసి చూసుకోవడం. కింద "కని కల్ల నిజము" అన్నాడుగా. ఆ పని క్షణంలో చేసేవాళ్లూ ఉంటారు, ఆలస్యం చెయ్యమని ఎక్కడుంది?

— నాకో అనుమానం. వేగపడక అన్నది పెనం మీద వేగడంలోంచి వచ్చిందేమో? లోపల ఉడికిపోకుండా అని. అప్పుడు తొందర ఊసే లేదు.

— బాగుంది గానీ నిలవదండీ. భయం నుంచి భయపడు లాగే వేగం నుంచి వేగపడు. వేగు అనే క్రియే అయితే కొట్టబడు, చేయబడు లాగా "వేగబడక" అయ్యేది.

— ఛందస్సుకి అభ్యంతరం లేదే! గపడక అయినా గబడక అయినా నలమే, నాలుగూ లఘువులే. ఏ ప్రతిలోనైనా బ ఉందేమో.

— మీరు చూశారా?

— వేగం కావాలంటే తిక్కన దగ్గరికి రండి. విరాటుడి ఆవుల్ని కౌరవులు తోలుకుపోయే ఉత్తర గోగ్రహణంలో, అర్జునుణ్ణి చూసి "వచ్చినవాడు ఫల్గుణుడు" అంటాడు భీష్ముడు, సంధికి దుర్యోధనుడు ఒప్పుకోకపోగానే సేనని పంచేస్తాడు, పావు వంతు దుర్యోధనుడితో, పావు వంతు ఆవులతో, మిగతా సగం అడ్డం నిలవడానికి. "ఫల్గుణుడు వచ్చాడు" అనలేదు చూడండి, వచ్చినవాణ్ణి చూశాక పేరు. కనడం ముందు, తేల్చడం తర్వాత, రెండూ ఒక్క ఊపిరిలో.

— అర్జునుడు ఆ ఎత్తు కనిపెట్టి నేరుగా రాజు వెంటే పడ్డాడు మరి.

— ఎత్తు మంచిదే, వచ్చినవాడే ఫల్గుణుడు!

— అయ్యా, నా మూడోసారి సంగతి?

— మీరు నిన్న వేగపడ్డారా, వేగబడ్డారా?

— రెండూనండీ.

— అయితే బ ఉన్న ప్రతి వెతకాల్సిందే.