పూల మార్కెట్ ఫోటో: ఎడిటింగ్ ఎక్కడ ఆపాలి?

వేకువ_క్లిక్:
అందరికీ నమస్కారం. రెండేళ్లుగా మెహదీపట్నం, పాతబస్తీ వైపు వీధుల్లో ఫోటోలు తీస్తున్నాను. మొన్న ఆదివారం ఇంకా తెల్లారకముందే గుడిమల్కాపూర్ పూల మార్కెట్‌కి వెళ్లాను. ఒకావిడ గోనెపట్టా పరుచుకుని కూర్చుని మల్లెలు కడుతోంది. చేతులు ఆగట్లేదు, చూపు మాత్రం మూర ధర తగ్గించమంటున్న మనిషి మీదుంది. అతని మాటకి ఆవిడ కనుబొమ్మ ఎగరేసింది, సరిగ్గా అప్పుడే నొక్కాను. నన్ను చూడనేలేదు. ఈ మధ్య తీసినవాటిలో నాకు బాగా నచ్చింది ఇదే.

ఇంటికొచ్చి ఎడిటింగ్ మొదలుపెట్టాక చెయ్యి ఆగలేదు. ముందు అంచులు కోసి కాస్త క్రాప్ చేశాను. మొహం సగం చీకట్లో ఉందని షాడోస్ (నీడ భాగాల వెలుతురు) లేపాను. చీకట్లో ఐఎస్ఓ (కెమెరా సెన్సిటివిటీ) 6400లో తీశాను కాబట్టి నాయిస్ (గరుకు చుక్కలు) బాగా ఉంది, దాన్ని తుడిచే ఏఐ డీనాయిస్ వేశాను. బల్బు వెలుతురుకి మల్లెలు పసుపుగా ఉంటే వైట్ బ్యాలెన్స్ మార్చి తెల్లగా చేశాను. ఆవిడ భుజం పక్కన మేకుకి నీలం కవరొకటి వేలాడుతోంది, కుడి అంచులో ఒక మోచెయ్యి పడింది. రెండూ రిమూవ్ టూల్‌తో తీసేశాను, నిమిషం కూడా పట్టలేదు.

మా తమ్ముడు చూసి సూపర్ అన్నాడు. నాకు మాత్రం ఫోటోలోంచి ఏదో పోయినట్టుంది, ఏంటో పట్టుకోలేకపోతున్నాను. అసలు ఫోటో, ఎడిట్ చేసింది రెండూ కింద పెట్టాను చూడండి. క్యాండిడ్ (ఎదుటివాళ్లకి తెలియకుండా సహజంగా తీసింది) అని చెప్పుకునే ఫోటోకి ఎంతవరకు ఎడిటింగ్ చేయొచ్చు? మీరైతే ఎక్కడ ఆపుతారు?

ముప్పైఅయిదు_ఎంఎం:
రెండిటినీ బాగా జూమ్ చేసి చూశాను బ్రో. ఏం పోయిందో చెప్తాను: అరటినార. అసలు ఫోటోలో ఆవిడ బొటనవేలు, చూపుడువేలు మధ్య తడి నార సన్నగా మెరుస్తోంది, దాని కొస ఒకటి మోకాలి మీదికి జారి ఉంది. డీనాయిస్ దాన్ని కూడా నాయిస్ కింద లెక్కేసి తుడిచేసింది. ఇప్పుడు మల్లెలు ఏ ఆధారం లేకుండా గాల్లో వరసగా నిలబడ్డాయి, ఆవిడ వేళ్లు ఊరికే వంకర తిరిగి ఉన్నాయి. కడుతున్న పనే కనిపించట్లేదు. చూడగానే తెలియదు, కానీ కంటికి ఏదో తేడా కొడుతుంది, నీకు అనిపించింది అదే అయ్యుంటుంది.

డీనాయిస్ వెనకున్న చీకటి వరకే మాస్క్ చేసి (ఆ భాగం మాత్రమే ఎంచుకుని) వెయ్యి, చేతుల దగ్గర అసలు వద్దు. 6400లో గ్రెయిన్ (ఆ గరుకు చుక్కలే) ఉంటే ఉండనీ. వైట్ బ్యాలెన్స్ కూడా సగం దాకా వెనక్కి తీసుకురా. ఆ పసుపు వల్లే ఇంకా తెల్లారలేదని తెలుస్తోంది, నువ్వు మార్చాక పొద్దున పదింటికి తీసినట్టుంది.

డార్క్‌రూమ్_బాబాయ్:
బాబూ, నేను విజయవాడలో ఒక స్టూడియోలో పద్నాలుగేళ్లు ఎర్రబల్బు కింద ప్రింట్లు వేసినవాణ్ని. అసలు ఎడిటింగే చేయకూడదు అనేవాళ్ల మాట పట్టించుకోకు. నెగటివ్‌ని పెద్దది చేసే ఎన్‌లార్జర్ వెలుతురు ప్రింట్ కాగితం మీద పడుతుంటే మొహం దగ్గర చెయ్యి అడ్డం పెట్టి ఆడిస్తూ ఉండేవాళ్లం, అక్కడ నలుపు తగ్గేది. ఆకాశం తేలిపోతుంటే అట్టకి కన్నం చేసి ఆ ఒక్కచోటే ఇంకో పది సెకన్లు వెలుతురు పడనిచ్చేవాళ్లం. ఇప్పుడు ఫోటోషాప్‌లో డాడ్జ్, బర్న్ అని ఉన్నవి ఇవే. క్రాప్ సంగతికొస్తే, అదంటే గిట్టని ఫ్రెంచ్ ఫోటోగ్రాఫర్ కార్టియే-బ్రెసాన్ కూడా 1932లో పారిస్‌లో సెయింట్ లజార్ స్టేషన్ వెనక, నీళ్ల మీంచి దూకుతున్న మనిషి ఫోటోని క్రాప్ చేయాల్సి వచ్చింది. కంచె సందులోంచి తీశాడు, ఎడమ వైపు కంచె అడ్డొచ్చింది.

నీ ఫోటోలో నాకు బాధనిపించింది ఆవిడ ఒంటి రంగు. షాడోస్ అంత లేపేసరికి చామనఛాయ మొహం బూడిద పూసినట్టయింది. పైన ఒక్క బల్బే ఉంది కాబట్టి మొహం సగం చీకట్లోనే ఉంటుంది, కళ్లు కనిపించేంత వరకు లేపి వదిలెయ్. పెళ్లి ఫోటోలకి "కాస్త తెల్లగా రానివ్వండి" అని అడిగేవాళ్లు, చేసి ఇచ్చేవాళ్లం. ఆ పని నాకు అప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చదు. అయినా వాళ్లు నోరు తెరిచి అడిగారు. ఈవిడ నిన్ను అడగలేదు కదా.

బీచ్‌రోడ్:
నేను కొంచెం వేరేగా చెప్తాను. మీరు దీన్ని పత్రికకి పంపట్లేదు, సాక్ష్యంగా ఎక్కడా పెట్టట్లేదు. అసలు ఫోటో తెరవగానే నా కన్ను ముందు నీలం కవర్ మీదికే పోయింది, ఆ తర్వాతే ఆవిడ మొహం మీదికి. చూపుకి అడ్డొచ్చేదాన్ని తీసేస్తే తప్పేంటి? ఆ మాటకొస్తే రాత్రిపూట ఫోన్‌తో తీసే ఫోటో కూడా ఒక్క క్షణానిది కాదు, ఫోనే వరసగా కొన్ని ఫ్రేములు తీసి కలిపి ఇస్తుంది. అసలు ఏ మార్పూ జరగని ఫోటో అంటూ లేనప్పుడు కవర్ దగ్గరే గీత ఎందుకు గీయాలి?

గుల్జార్_హౌజ్:
బీచ్‌రోడ్ గారూ, ఫోన్ గురించి మీరు చెప్పింది నిజమే, కానీ ఫోన్ కలిపినా అక్కడున్న కవర్ అక్కడే ఉంటుంది కదండీ. 2010లో వార్తా ఫోటోలకి పెట్టే వరల్డ్ ప్రెస్ ఫోటో పోటీలో ఒకాయనకి వచ్చిన బహుమతి రద్దు చేశారు. చేతికి కట్టు కడుతున్న ఫోటో అది. ఆయన చాలా భాగం క్రాప్ చేశాడు, రంగు తీసేసి బ్లాక్ అండ్ వైట్ చేశాడు, గ్రెయిన్ కలిపాడు. బహుమతి పోయింది వీటి వల్ల కాదు, వెనక కనిపిస్తున్న ఎవరిదో కాలి ముక్క చెరిపేసినందుకు. నాకు ఆ గీత సరైందే అనిపిస్తుంది, పోటీకి పంపినా పంపకపోయినా.

2016లో పేరున్న ఫోటోగ్రాఫర్ స్టీవ్ మెకరీ విషయం కూడా చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఇటలీలో ప్రదర్శనకి పెట్టిన ఆయన క్యూబా వీధి ఫోటోలో, ఎడిటింగ్ సరిగ్గా కుదరక, సైన్‌బోర్డు స్తంభం ముక్క ఒక మనిషి కాలి దగ్గర తేలింది. దాంతో జనం పాతవి తిరగేస్తే కొన్ని ఫోటోల్లో మనుషులే మాయమయ్యారని బయటపడింది. తాను విజువల్ స్టోరీటెల్లర్‌నని ఆయన వివరణ ఇచ్చుకున్నారు. నేను ఫోటోగ్రఫీ మొదలుపెట్టిందే ఆయన ఫోటోలు చూసి. ఇప్పుడు ఏది చూసినా ముందు అంచులు వెతుకుతున్నాను, అది నాకు చాలా బాధగా ఉంటుంది.

వేకువ_క్లిక్ గారూ, మీరు తీసేసిన ఆ మోచెయ్యి బేరమాడుతున్న మనిషిదే కదా? అది లేకపోతే ఆవిడ ఎవర్ని చూసి కనుబొమ్మ ఎగరేసినట్టు? చూపు ఉత్త చీకట్లోకి పోతోంది. దాన్ని తప్పకుండా వెనక్కి పెట్టండి. కవర్ మరీ కొట్టొచ్చినట్టుంటే నీలం ఒక్కదాని శాచురేషన్ (రంగు గాఢత) కొద్దిగా తగ్గించండి, అక్కడ కాస్త బర్న్ చేయండి, దానంతటదే వెనక్కి వెళ్తుంది. బ్లాక్ అండ్ వైట్ చేసినా సర్దుకుంటుంది గానీ పక్క బుట్టలో కనకాంబరాలున్నాయి, ఆ రంగు పోగొట్టుకోవడం నాకైతే ఇష్టం లేదు.

వేకువ_క్లిక్:
అందరికీ చాలా థ్యాంక్స్. నార సంగతి చదివి వెంటనే అసలు ఫైల్ తెరిచి చూశాను, నిజంగానే ఉంది. బాబాయ్ గారూ, రంగు విషయం నాకు తట్టనే లేదు, చెప్పినందుకు థ్యాంక్సండీ. మళ్లీ రా ఫైల్ (కెమెరా ఇచ్చిన అసలు ఫైల్) నుంచి మొదలుపెట్టాను: క్రాప్ కొంచెమే, షాడోస్ కళ్ల దగ్గర మాత్రమే, డీనాయిస్ వెనక భాగానికే, ఏదీ చెరపలేదు. దాని ప్రింటొకటి తీయించి ఈ ఆదివారం ఆవిడకి ఇచ్చాను. చాలాసేపు చూసింది, పక్కన బంతిపూలు అమ్మే ఆవిడకి కూడా చూపించింది. ఆ కవర్లో ఏముంటుందని అడిగితే, "నార. ఎండకుండ తడిగుడ్డ సుట్టి పెడ్తా" అంది.

కొత్తది కింద పెట్టాను. నీలం శాచురేషన్ 15 తగ్గించాను, ఇంకా తగ్గించాలా, ఇక్కడితో ఆపేయనా? బీచ్‌రోడ్ గారూ, మీ కన్ను ఇప్పుడు కూడా ముందు కవర్ మీదికే పోతోందేమో చూసి చెప్పండి.