విజయనగరం–ఇచ్ఛాపురం సైకిల్ యాత్ర: బొండాలు చాలా, ఓఆర్‌ఎస్ కావాలా?

కోటగుమ్మం:
ఉద్దానం కిడ్నీ రోగుల కోసం చందా పోగుచేస్తూ మా జట్టు ఏప్రిల్‌లో సైకిల్ యాత్ర పెట్టుకుంది. శ్రీకాకుళం, టెక్కలి, పలాస మీదుగా ఇచ్ఛాపురం వెళ్లి తిరిగి రావాలి. రానూపోనూ సుమారు 400 కిలోమీటర్లు. బ్రెవె రైడ్లని గడువు పెట్టి నడిపే దూరపు సైకిల్ యాత్రలుంటాయి. వాటిలో ఆ దూరానికి ఇచ్చే 27 గంటల గడువే మాకూ. దారిలో కొబ్బరిబొండాలు తాగుతూ పోతే చాలా, ఓఆర్‌ఎస్ కూడా పట్టుకెళ్లాలా? దీని మీద జట్టు రెండుగా చీలిపోయింది.

పాతహెర్క్యులిస్:
బొండాలు చాలు. ఉద్యోగం చేసినన్నాళ్లూ బొబ్బిలి వైపు ఊళ్లన్నీ సైకిలు మీదే తిరిగాను. పొద్దున్న చోడంబలి, మధ్యాహ్నం బొండం. ఏ పొడీ ఎరగను.

నాగావళి_గాలి:
మాస్టారూ, మీరు ఊరూరా దిగి, నీడన కాసేపు కూర్చుని వెళ్లేవారు. వీళ్లు సముద్రపు ఉక్కలో గంటల తరబడి తొక్కాలి. చెమటలో ముఖ్యంగా పోయేది సోడియం. బొండంలో పొటాషియం బాగానే ఉంటుంది, సోడియమే తక్కువ. ఉప్పు తగలకుండా నీళ్లో బొండాలో అదేపనిగా తాగితే రక్తంలో సోడియం పడిపోతుంది. తలనొప్పి, వాంతులు, ముదిరితే ఫిట్స్.

అయినా ముందు తేలాల్సింది ఇది కాదు. 200 తొక్కారా? 300? రాత్రి హైవే మీద, లారీల పక్కన తొక్కారా? లైట్లు, మెరిసే జాకెట్లు ఉన్నాయా?

కోటగుమ్మం:
ఆదివారాలు భోగాపురం దాకా వెళ్లొస్తున్నాం. ఆ రోజు ఊపులో మిగతాది అదే వచ్చేస్తుంది. ఒళ్లు నొప్పులకి బయలుదేరే ముందే తలా ఒక మాత్ర వేసుకుంటాం.

నాగావళి_గాలి:
ఏ మాత్ర? డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటివైతే ముట్టుకోకండి. ఒంట్లో నీరు తగ్గినప్పుడు అవి కిడ్నీకి రక్తం అందకుండా చేస్తాయి. కిడ్నీ రోగుల పేరు మీద బయలుదేరుతూ ఇదేం పని?

గంటస్తంభం:
ఉప్పు చేప నంజుకోండి. సోడియం గొడవ తీరిపోతుంది.

పాతహెర్క్యులిస్:
ఇవన్నీ పొడి అమ్ముకునేవాళ్ల మాటలు. మనవడికి విరేచనాలైతే ఒక మందుల షాపులో ఓఆర్‌ఎస్ అని చెప్పి తీపి జ్యూసు డబ్బా అంటగట్టారు. అప్పట్నుంచి ఆ మూడక్షరాలంటేనే నాకు మంట.

నాగావళి_గాలి:
షాపువాడు మోసం చేస్తే ఓఆర్‌ఎస్ ఏం చేసింది మాస్టారూ? కొనడం ఇష్టం లేకపోతే లీటరు నీళ్లలో ఆరు టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు కలుపుకోమనండి. కొలత మాత్రం తప్పకూడదు.

కోటగుమ్మం:
సరే, ఎక్కువమంది బొండాలే అంటున్నారు. ఇంకో ఆలోచన కూడా వచ్చింది. కవిటి దగ్గర ఆగి, డయాలసిస్ పేషెంట్లకి రైడర్ల చేతుల మీదుగా బొండాలు పంచి ఫొటోలు తీసుకుంటాం. చందా ఇచ్చినవాళ్లకి చూపించడానికి ఏదో ఒకటి ఉండాలి కదా.

కవిటి_తోట:
ఇంతసేపూ ఊరుకున్నాను. మా నాన్నకి డయాలసిస్. వారానికి మూడుసార్లు, వెళ్లిన ప్రతిసారీ నాలుగు గంటలు మంచం మీద. నీళ్లు గ్లాసుతో కొలిచి ఇస్తాం. బొండం అసలు ఇవ్వం. పాడైన కిడ్నీలు పొటాషియాన్ని బయటికి పంపలేవు, అది పెరిగితే గుండె ఆగిపోవచ్చు. చుట్టూ కొబ్బరితోట పెట్టుకుని ఆయన నోరు కట్టుకున్నాడు. మీరొచ్చి ఆయన చేతిలో బొండం పెట్టి ఫొటో తీస్తారా?

ఇంతకుముందూ ఒక జట్టు వచ్చింది. నాన్న చెయ్యి చాపించి, సూదులు గుచ్చేచోట ఫొటో తీసుకుని వెళ్లారు. మళ్లీ కబురు లేదు.

ఈ జబ్బు ఎందుకొస్తోందో ఇప్పటికీ తేలలేదు. ఎండలో చాకిరీ, నొప్పి మాత్రలు అనుమానాల్లో ఉన్నాయి. ఆ రెండూ సరదాకి చేస్తూ మా ఊరు వస్తున్నారు.

కోటగుమ్మం:
మంచి చేద్దామనుకుంటే తిట్లా? ఊరికే చెయ్యి చాపితే ఎవడూ రూపాయి ఇవ్వడు. 400 తొక్కుతున్నాం అంటేనే జేబులోంచి తీస్తున్నారు. ఇదీ లోకం తీరు, నేను పెట్టింది కాదు.

కవిటి_తోట:
తీసింది మా దాకా ఎంత వస్తుంది? పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి 2023 డిసెంబరులో తెరిచారు, సంతోషం. అక్కడికి వెళ్లిరావడానికి ఆటో ఖర్చుంది, తోడు వచ్చినవాళ్లకి ఆ రోజు కూలి పోతుంది. ఆ లెక్క మమ్మల్ని ఎవరూ అడగరు. మీ చందాలో జెర్సీలకెంత, మెడల్స్‌కెంత, వెనకాల వచ్చే కారుకెంత?

కోటగుమ్మం:
జెర్సీ, మెడల్ లేకపోతే రైడర్లే రారు. ఖర్చులు పోగా మిగిలింది మొత్తం ఇచ్చేస్తాం.

గంటస్తంభం:
మిగిలిందా!

నాగావళి_గాలి:
ఎవరి జెర్సీ వాళ్లు కొనుక్కోవచ్చు కదా. కారు తీసేయొద్దు, రాత్రి రోడ్డు మీద కొత్తవాళ్లకి అవసరం, కానీ దాని పెట్రోలూ రైడర్లే పంచుకోవాలి. యాత్ర డిసెంబరుకి జరపండి. ఎండ తగ్గుతుంది, ఈలోగా 200, 300 తొక్కి చూసుకోవచ్చు.

పాతహెర్క్యులిస్:
రోగులకి వద్దంటే మానేయండి. తొక్కేవాళ్లకి మాత్రం బొండమే.

కోటగుమ్మం:
డిసెంబరులో మావాళ్లకి సెలవులు దొరకవు. మాత్రల సంగతి జట్టులో మాట్లాడతాను.

కవిటి_తోట:
నేను అడిగింది జెర్సీల గురించి.