ఆదివారం రాత్రి పైపు జామ్, 780 యూరోల బిల్లు, ఎవరు కట్టాలి?

కెమ్నిట్జ్, మాస్టర్స్ స్టూడెంట్:
అందరికీ నమస్కారం. జర్మనీ వచ్చి నాలుగు నెలలైంది. మొన్న ఆదివారం రాత్రి కిచెన్ సింకులో నీళ్లు దిగకుండా పైకి తన్నడం మొదలైంది, కింద ఫ్లాట్‌లోనూ అదే పరిస్థితి. ఓనర్‌కి రెండుసార్లు ఫోన్ చేశా, ఎత్తలేదు. ఆన్‌లైన్‌లో మొదట కనిపించిన 0800 నంబర్‌కి చేశా. ఇద్దరొచ్చి అరగంట స్ప్రింగు తిప్పి 780 రాశారు. రేటు ముందు చెప్పలేదు. 300 కార్డుతో కట్టాను, మిగతాది వారంలో కట్టకపోతే ఇన్‌కాసోకి, అంటే బాకీలు వసూలు చేసే కంపెనీకి ఇస్తామన్నారు. ఓనరేమో నువ్వు పిలిచావు నువ్వే కట్టుకో అంటున్నాడు. వీసా కోసం ముందే డబ్బు వేసిన బ్లాక్డ్ అకౌంట్ నుంచి నెలకి నాకొచ్చేదే 992. ఏం చెయ్యాలి?

డోర్ట్‌మండ్, 11 ఏళ్లుగా:
తమ్ముడూ, ఆ 480 మాత్రం ఇప్పుడు కట్టకు. నాకు 2019 డిసెంబర్లో జరిగింది చెప్తా విను. పాపని ఎత్తుకుని చెత్త పారేయడానికి దిగా, వెనక తలుపు పడిపోయింది, తాళాలు లోపల. పాపకి సాక్స్ కూడా లేవు, మెట్ల మీద చలి. తాళాలు తీసేవాడికి ఫోన్ చేస్తే 89 యూరోలన్నాడు, వచ్చాక డ్రిల్లింగ్ పెట్టి తాళం సిలిండర్ మొత్తం పీకేశాడు. ఊరికే పడిన తలుపు డ్రిల్ లేకుండా నిమిషాల్లో తియ్యొచ్చని ఆ తర్వాత తెలిసింది. బిల్లు 640. రావడానికి ఒకటి, ఆదివారానికి ఒకటి, దాని మీద రాత్రికి ఇంకోటి. డబ్బిచ్చేదాకా గుమ్మంలోంచి కదల్లేదు. భయమేసి పిన్ కొట్టేశా. పిన్ కొట్టిన డబ్బు బ్యాంకు వెనక్కి తేలేదు. ఫెర్బ్రౌహర్‌జెంట్రాలెకి (వినియోగదారుల సలహా కేంద్రం) వెళ్లి ఉత్తరాలు రాయిస్తే మూడు నెలలకి 350 వెనక్కొచ్చింది. ఆ రోజే పోలీసుల 110కి చేసి ఉండాల్సింది, ఇప్పటికీ బాధగా ఉంటుంది. అందరూ గుర్తుంచుకోండి, గుమ్మం దగ్గర బెదిరిస్తే పోలీసులకి చెప్పండి, కట్టక తప్పకపోతే బిల్లు మీద "ఉంటర్ ఫోర్‌బెహాల్ట్" (అభ్యంతరంతోనే కడుతున్నా) అని రాసి కట్టండి.

ఫ్రాంక్‌ఫర్ట్, 2006 నుంచి:
అక్కది తాళం గొడవ, తమ్ముడిది పైపు, రెండూ ఒకటి కాదు. ఇల్లు బాగుచేయించే బాధ్యత ఓనర్‌ది, బీజీబీ (జర్మన్ సివిల్ చట్టం) సెక్షన్ 535. అత్యవసరమై మనమే చేయిస్తే ఖర్చు అడగొచ్చు, 536ఏ. కానీ ఓనర్‌కి చెప్పకుండా తీరిగ్గా చేయించుకుంటే రాదు, కార్ల్‌స్రూహేలోని దేశ అత్యున్నత సివిల్ కోర్టు 2008లో హీటర్ కేసులో తేల్చేసింది. అందుకే నువ్వు చేసిన ఆ రెండు కాల్స్ స్క్రీన్‌షాట్ ఇప్పుడే తీసి దాచుకో. కింద ఫ్లాట్ వాళ్ల చేత కూడా రెండు ముక్కలు రాయించుకో, జామ్ నీ సింకులో కాదు మెయిన్ పైపులో అని తేలడానికి అదే ఆధారం.

మ్యూనిక్:
చిన్న రిపేర్లు అద్దెకున్నవాళ్లవే కదా, నా అగ్రిమెంట్‌లో 100 దాకా నేనే కట్టాలని ఉంది. తమ్ముడు 100 కట్టి మిగతాది ఓనర్‌ని అడిగితే సరి. ఆ కంపెనీకి 14 రోజుల్లో క్యాన్సిల్ అని కూడా రాసెయ్.

ఫ్రాంక్‌ఫర్ట్:
కాదండీ, దీన్నే చాలామంది తప్పుగా చెప్తున్నారు. ఆ క్లాజు రోజూ చెయ్యిపడే వాటికే, కుళాయి, స్విచ్చు, తలుపు పిడి లాంటివి. పైపులకి వర్తించదు. లిమిట్ దాటితే మొత్తం ఓనర్‌దే, అందులో మన 100 అంటూ ఉండదు. మనమే పిలిపించిన అర్జెంటు రిపేరుకి ఆ 14 రోజులూ పనికిరావు. గట్టి పాయింటు వేరే ఉంది. రేటు ముందు మాట్లాడుకోకపోతే ఆ ఊళ్లో మామూలుగా ఎంత తీసుకుంటారో అంతే ఇవ్వాలి, బీజీబీ 632.

మ్యూనిక్:
సరే, నా ఓనర్ మాత్రం ప్రతిసారీ 100 తీసుకుంటున్నాడు.

ఫ్రాంక్‌ఫర్ట్:
మీరు కూడా మీటర్‌ఫెరైన్‌కి (అద్దెదారుల సంఘం) వెళ్లండి, నిజంగా చెప్తున్నా.

డోర్ట్‌మండ్:
తమ్ముడూ, ఇన్‌కాసో ఉత్తరం చూసి వణికిపోకు, అది కోర్టు కాదు. ఈ బిల్లు ఒప్పుకోను, కారణం ఇదీ అని రాసి అయిన్‌ష్రైబెన్‌లో (రిజిస్టర్డ్ పోస్ట్) పంపు. కానీ కోర్టు నుంచి పసుపు కవర్లో మాన్‌బెషైడ్ (డబ్బు కట్టమనే కోర్టు నోటీసు) వస్తే మాత్రం రెండు వారాల్లో అభ్యంతరం టిక్ పెట్టి పంపాలి, పరీక్షలున్నాయని పక్కన పెట్టకు. మీ యూనివర్సిటీ స్టూడెంట్ యూనియన్ దగ్గర ఉచిత లాయర్ సలహా ఉందేమో రేపే అడుగు. బిల్లు మీద నీ పేరూ అడ్రస్సూ కొట్టేసి ఫోటో పెట్టు, ఏ లైనుకి ఎంత వేశాడో కూర్చుని చూద్దాం.