నాటక విభాగం కాస్ట్యూమ్ గదిలో ఇంటర్న్‌షిప్: చేసినవాళ్లు మీ అనుభవాలు చెప్పండి

కొత్తసూది:
వచ్చే సెమిస్టర్‌కి మా యూనివర్సిటీ థియేటర్ విభాగంలో కాస్ట్యూమ్ ఇంటర్న్‌గా తీసుకున్నారు. నేను సాహిత్యం విద్యార్థిని. మిషన్ మీద తిన్నగా కుట్టడం వచ్చు, చేత్తో హెమ్మింగ్ ఓ మాదిరిగా వచ్చు. బొమ్మలు గీయడం అస్సలు రాదు. డిజైన్ నేర్చుకోవాలని ఆశ. అక్కడ ఏం పని ఇస్తారు? ముందే ఏం నేర్చుకుని వెళ్లాలి? కాస్త టెన్షన్‌గా ఉంది.

తెరవెనుక:
బొమ్మలు రాకపోతే ఏమీ కాదండి, ఇంటర్న్‌కి డిజైన్ చేతికివ్వరు. డిజైనర్ గీసింది ఒకరి ఒంటి మీదికి బట్టగా ఎలా వస్తుందో దగ్గరుండి చూస్తారు, అందులో కొంత మీ చేతుల మీదుగా జరుగుతుంది. మొదట్లో స్టాక్ గది సర్దడం, పేర్ల పట్టీలు కుట్టడం, ఊడిన హుక్కులూ గుండీలూ వేయడం ఉంటాయి.

స్టాక్ గది పనిని మాత్రం తక్కువగా చూడకండి. ఏదైనా పాత కోటు తీసి లోపలి వైపు తిప్పి చూడండి. పక్క కుట్ల దగ్గర, వెనక నడిమి కుట్టు దగ్గర అంగుళం, ఒక్కోసారి ఇంకా ఎక్కువే మార్జిన్ వదిలి ఉంటుంది. రెడీమేడ్ బట్టల్లో అంత వదలరు. ఇవాళ సన్నటి నటుడికి కుట్టిన కోటు రేపు ఇంకో నాటకంలో భారీ మనిషికి సరిపోవాలి, అందుకే ఆ మార్జిన్. విప్పి మళ్లీ కుట్టిన గుర్తులు వరుసగా కనిపిస్తాయి. నాకు కటింగ్ అర్థమైంది ఆ గదిలోనే, క్లాసులో కాదు.

రంగులగిన్నె:
వెళ్లేముందు బట్టల రకాలు తెలుసుకోండి, అన్నిటికన్నా అది ముఖ్యం. చిన్న పోగు పట్టకారుతో పట్టుకుని కాల్చి చూడటం మొదటివారంలోనే నేర్పుతారు. నూలుకి కాగితం కాలిన వాసన వస్తుంది. ఉన్నికి వెంట్రుక కాలిన వాసన. పాలిస్టర్ కరిగి గట్టి పూసలా అవుతుంది. ఇది తెలియకుండా రంగుల దగ్గరికి వెళ్తే పని పాడవుతుంది. నూలుకి వాడే రియాక్టివ్ రంగులు వాషింగ్ సోడాతో చల్లటి నీళ్లలో కూడా పట్టేస్తాయి. ఉన్నికీ పట్టుకీ యాసిడ్ రంగులు, వేడి కావాలి. పాలిస్టర్ ఈ రెంటికీ లొంగదు, దానికి వేరే రంగులు, బాగా మరిగే వేడి.

ఇంకోటి, రంగు ఎంచేటప్పుడు స్టేజి లైటు కింద చూడాలి. ఆకుపచ్చ లైటు పడితే ఎర్ర బట్ట దాదాపు నల్లగా కనిపిస్తుంది. గది ట్యూబ్‌లైటు కింద నచ్చింది కదా అని సరిపెట్టుకోకూడదు.

కత్తెర_సుద్ద:
రంగులగిన్నె గారూ, మీతో ఏకీభవించను. రంగుల గది చాలామంది ఇంటర్న్‌లకి చివర్లో గానీ దొరకదు. మొదటిరోజు నుంచి కావాల్సింది చేతి కుట్టు. ప్రెస్ బటన్ నాలుగు కన్నాల్లోనూ గట్టిగా పడాలి, బయటి వైపు దారం కనిపించకూడదు. హెమ్మింగ్‌లో దారం మరీ లాగితే లైటు కింద ప్రతి కుట్టూ గుంటలా తెలుస్తుంది. కొత్తసూది గారు ఇంట్లో పాత చొక్కా ఒకటి తీసుకుని ఈ రెండూ చేతులు తిరిగేదాకా చేస్తే చాలు. గుడ్డ కత్తెరతో కాగితం కోయకూడదు, ఇది ఎక్కడికెళ్లినా మొదటి నియమం.

మూడోవరస:
నా అనుభవం అంత బాగాలేదు. పేరు చెప్పను. సెమిస్టర్ మొత్తం ఉతకడం, ఇస్త్రీతోనే సరిపోయింది. ఫిట్టింగ్‌కి రానిమ్మని అడిగితే "తర్వాత చూద్దాం" అన్నారు. ప్రోగ్రాం కాగితంలో నా పేరు కూడా వేయలేదు. చేరేముందే ఏం నేర్పుతారో, వారానికి ఎన్ని గంటలో, ఎన్ని క్రెడిట్లో కాగితం మీద రాయించుకోండి.

తెరవెనుక:
మూడోవరస గారూ, మీకు జరిగింది అన్యాయం. ఉతకడం అందరూ చేయాల్సిన పనే, కానీ అదొక్కటే చేయించడం తప్పు. కనీసం ఒక పాత్రకి సంబంధించి కొలతల నుంచి ఆఖరి ప్రదర్శన దాకా ఇంటర్న్‌ని వెంట ఉంచుకోవాలి. చేరేటప్పుడే ఇది అడగండి కొత్తసూది గారూ.

నీలిదారం:
నేను డ్రెస్సర్‌గా చేశాను, అంటే ప్రదర్శన జరుగుతుండగా తెర పక్కన నటులకి బట్టలు మార్చే పని. ఇంటర్న్‌షిప్‌లో నాకు బాగా నచ్చింది ఇదే.

అర నిమిషంలో సూటు తీసి సైనికుడి దుస్తుల్లోకి మార్చాలనుకోండి. చొక్కాకి ముందువైపు గుండీలు ఉన్నట్టే ఉంటాయి, కానీ కాజాలు మూసేసి వాటి మీద గుండీలు కుట్టేస్తారు. కింద ఉండేవి ప్రెస్ బటన్లు. వెల్క్రో వేస్తే పని సులువే గానీ నిశ్శబ్దంగా ఉన్న సీన్లో ఆ చప్పుడు హాల్లో వినిపిస్తుంది. పాంటుని బూట్ల చుట్టూ కుప్పగా దించి పెడతాం. నటుడు బూట్లలో కాళ్లు పెట్టగానే పాంటు పైకి లాగేస్తాం. ఒకరు విప్పేవాళ్లు, ఒకరు తొడిగేవాళ్లు. నటుడు చేతులు చాపి నిలబడతాడు, అంతే. తను కూడా సాయం చేయబోతే చేతులకి చేతులు అడ్డం పడతాయి. ఇదంతా నీలం లైటు వెలుతుర్లో జరుగుతుంది, కాబట్టి ఏ బట్ట ఎక్కడుందో చేత్తో తడిమి తెలుసుకోగలగాలి. గడియారం పెట్టుకుని ముందే రిహార్సల్ చేయిస్తారు, టైం చాలకపోతే కుట్టు విప్పి ఇంకో రకంగా కుడతారు.

ఫిట్టింగ్ గదిలో ఎలా మెలగాలో కూడా నేర్చుకోండి. ముట్టుకునేముందు అడగాలి. కొలతలు పైకి గట్టిగా చదవకూడదు, రాసే మనిషికి మాత్రమే వినపడాలి. "మీరు లావయ్యారు" అనే మాట ఆ గదిలో రాకూడదు. "నడుం దగ్గర బట్ట బిగిసింది, వదులు చేస్తాం" అనాలి. లోపం ఎప్పుడూ బట్టదే. నటులు చాలామంది అద్దం ముందు ఎంత బెరుగ్గా నిలబడతారో దగ్గర్నుంచి చూశాను, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను. ఆ తర్వాత చేతులెత్తమనాలి, కూర్చోమనాలి, మోకరిల్లమనాలి. నాటకంలో చేసేవన్నీ ఆ బట్టలో చేయించి చూడాలి. కింది అంచు కొలిచేటప్పుడు స్టేజి మీద వేసుకునే చెప్పులే కాళ్లకి ఉండాలి.

కొత్తసూది:
ఇవన్నీ ఎవరూ చెప్పలేదు, చాలా థాంక్స్ అండి. రోజూ ఉతకలేని కోట్లు, బరువైన గౌన్లు ఏం చేస్తారు?

నీలిదారం:
వోడ్కాలో నీళ్లు కలిపి లోపలి వైపు, చంకల దగ్గర స్ప్రే చేసి గాలికి ఆరేస్తారు. చాలా థియేటర్లలో పాత అలవాటే. పట్టు మీదైతే ముందు కనిపించని చోట చిన్న ముక్క మీద చూసుకోవాలి. ఒంటికి తగిలే బనియన్లు మాత్రం ప్రతి ప్రదర్శనకీ ఉతకాల్సిందే.

రంగులగిన్నె:
నాటకం నెత్తురు మరకలకి వేడి నీళ్లు వద్దు. చల్లటి నీళ్లతో, ఆరకముందే.

కొత్తసూది:
ఇంకో ప్రశ్న. తర్వాత ఉద్యోగానికి చూపించడానికి ఏం దాచుకోవాలి?

కత్తెర_సుద్ద:
మీరు చేసిన ప్రతి పనికీ ముందు ఒకటి, తర్వాత ఒకటి ఫొటో తీయండి. లోపలి కుట్లు కూడా తీయండి, పని తెలిసినవాళ్లు చూసేది అవే. డిజైనర్ పేరు రాసి, కింద మీరు చేసింది మాత్రమే రాయండి, "మార్పులు, హెమ్మింగ్, ప్రెస్ బటన్లు" అని. నటుల మొహాలు ఉంటే వాళ్లని అడగాలి. ఏ సీన్లో ఎవరు ఏం వేసుకుంటారో రాసే పట్టిక తయారు చేయడంలో సాయపడితే దాని కాపీ కూడా అడిగి ఉంచుకోండి.

మూడోవరస:
ప్రదర్శనకి ముందు వారం రాత్రి పొద్దుపోయేదాకా ఉండాల్సి వస్తుంది. మీ పరీక్షల తేదీలు మీరు చేరిన రోజే కాస్ట్యూమ్ మేనేజర్‌కి రాసిచ్చేయండి. ఆ వారంలో చెప్తే ఎవరూ సర్దుబాటు చేయలేరు.

కొత్తసూది:
సోమవారం కలుస్తున్నాను. తేదీలూ, గంటలూ, ఒక పాత్ర వెంట ఉండే విషయం మూడూ రాసుకెళ్తాను. ప్రోగ్రాంలో పేరు సంగతి కూడా అడుగుతాను.