దసరా కంప్యూటర్ కాంబో రూ. 41,500: తీసుకోవచ్చా, వదిలేయాలా?

జగిత్యాల_పిల్లోడు
అన్నలూ, నేను బీటెక్ రెండో సంవత్సరం. మా నాన్న చిట్టీ ఎత్తి 42 వేలు ఇస్తానన్నాడు, పైన ఒక్క రూపాయి రాదు. సికింద్రాబాద్‌లో ఒక షాపు వాళ్ల 2024 దసరా ఆఫర్‌ను ఫ్రెండ్ వాట్సాప్‌లో పంపాడు. పోస్టర్‌లో ఉన్నది ఉన్నట్టు రాస్తున్నా: రైజెన్ 5 5500 ప్రాసెసర్, ఏ520 మదర్‌బోర్డు, 16 జీబీ డీడీఆర్4 ర్యామ్, 512 జీబీ ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ, ఆర్‌టీఎక్స్ 3050 గ్రాఫిక్స్ కార్డు, ఆర్‌జీబీ (రంగుల లైట్ల) క్యాబినెట్, 450 వాట్ల ఎస్‌ఎమ్‌పీఎస్ (పార్టులకు కరెంటు ఇచ్చే డబ్బా) ఫ్రీ, అసెంబ్లింగ్ ఫ్రీ. ఎమ్మార్పీ 66,000, ఆఫర్ 41,500. మానిటర్ పాతది ఉంది. ఆడేది వాలరెంట్, జీటీఏ 5. అప్పుడప్పుడు బ్లెండర్ (3డీ బొమ్మలు చేసే సాఫ్ట్‌వేర్) నేర్చుకుంటున్నా. ఆదివారంతో ఆఫర్ అయిపోతుందట. టెన్షన్‌గా ఉంది, తొందరగా చెప్పండి.

ఫ్రేమ్‌లెక్కల_రాజు
తమ్ముడూ, ముందు ఆ 66,000 మర్చిపో. కంప్యూటర్ పార్టుల డబ్బాల మీద ఉండే ఎమ్మార్పీకి ఎవరూ కొనరు, ఎవరూ అమ్మరు. అక్కడి నుంచి తగ్గింపు చూపిస్తే ప్రతి షాపువాడూ దానకర్ణుడిలాగే కనిపిస్తాడు. ఇవే పార్టులు విడివిడిగా కొంటే ఎంతవుతుందో అదొక్కటే చూడు. ఈ వారం ఆన్‌లైన్‌లో నేను చూసిన ధరలు: ప్రాసెసర్ 8,000, బోర్డు 4,600, ర్యామ్ 3,100, ఎస్‌ఎస్‌డీ 2,900, కార్డు 17,200, క్యాబినెట్ 2,300, మామూలు ఎస్‌ఎమ్‌పీఎస్ 1,200. మొత్తం 39,300. ఆఫర్ పేరుతో నీ దగ్గర 2,200 ఎక్కువే తీసుకుంటున్నారు.

ఇంకో సంగతి. 3050 పేరుతో రెండు కార్డులున్నాయి. 2022లో వచ్చినది 8 జీబీ, 2560 కోర్లు, 128 బిట్ల మెమరీ బస్. 2024 ఫిబ్రవరిలో అదే పేరు పెట్టి 6 జీబీది వదిలారు: 2304 కోర్లు, 96 బిట్లు. పోస్టర్‌లో జీబీ రాయలేదంటే 6 జీబీదే అనుకో, నా లెక్క కూడా దానికే. ఇంకో మూడు వేలు వేస్తే ఆర్‌ఎక్స్ 6600 కార్డు వస్తుంది, ఆటల్లో దీన్ని సునాయాసంగా దాటేస్తుంది.

ప్రాసెసర్ కథ కూడా అదే. 5500, 5600 అన్నదమ్ముల్లా కనిపిస్తాయి, రెండింటికీ ఆరు కోర్లే. కానీ 5600లో ఎల్3 క్యాష్ (ప్రాసెసర్ లోపలి వేగమైన మెమరీ) 32 ఎంబీ, 5500లో 16 ఎంబీ. గ్రాఫిక్స్ భాగం మూసేసిన 5600జీనే 5500 అని అమ్ముతారు. వాలరెంట్ ప్రాసెసర్ మీద ఆధారపడే ఆట, అందులో ఆ తేడా తెలుస్తుంది. ర్యామ్ ఒకటే 16 జీబీ స్టిక్కా, రెండు ఎనిమిదులా? అదీ అడుగు.

ఊరికే_చూస్తున్నా
5600 తీసుకో. అంతే.

వోల్టేజ్_మామ
అందరికీ ప్రాసెసర్, కార్డే కావాలి. ఆ ఎస్‌ఎమ్‌పీఎస్ ఏ కంపెనీది? పోస్టర్‌లో ప్రాసెసర్‌కూ కార్డుకూ పేరుంది, దానికి మాత్రం వాట్లు రాసి పక్కన "ఫ్రీ" అన్నారు. ఫ్రీ అని రాసిన చోటే మనిషి ఆగి చూడాలి బాబూ. రాజు లెక్కలో కూడా దానికి 1,200 వేశాడు. 1,200కి వచ్చేది రేకు డబ్బా, లోపల ఒక ఫ్యాను.

ఫ్రేమ్‌లెక్కల_రాజు
మామా, మళ్లీ మొదలుపెట్టావా. పోయిన నెల లాప్‌టాప్ చర్చలోకి వచ్చి కూడా ఎస్‌ఎమ్‌పీఎస్ ఏదని అడిగావు. లోడు లెక్క వేద్దాం. 5500 టీడీపీ, అంటే కంపెనీ చెప్పే పవర్ లెక్క, 65 వాట్లు, గట్టిగా లాగితే 88. 6 జీబీ 3050 కార్డుకు 70. చాలా మోడళ్లకు విడిగా పవర్ కేబుల్ కూడా అక్కర్లేదు, స్లాట్ నుంచే తీసుకుంటుంది. బోర్డు, ఎస్‌ఎస్‌డీ, ఫ్యాన్లు అన్నీ కలిపినా 200 లోపే. 450 వాట్ల దానికి అదొక లోడా?

పాత_స్క్రూడ్రైవర్
రాజు గారూ, మీ లెక్కలు బాగున్నాయి. నేను పదకొండేళ్లు కంప్యూటర్ షాపులో అసెంబ్లింగ్ చేసినవాణ్ణి, ఇప్పుడు మానేశాను. అందుకే మాట్లాడుతున్నా.

విడివిడిగా ఏడు చోట్ల కొంటే ఏడు పార్సిళ్లు, ఏడు వారంటీలు వస్తాయి. మెషీన్ ఆన్ కాకపోతే తప్పు దేనిది? ఆ పిల్లాడి దగ్గర మార్చి చూడటానికి రెండో ర్యామ్ లేదు, రెండో బోర్డు లేదు. 5500లో గ్రాఫిక్స్ లేవని మీరే చెప్పారు, అంటే కార్డు తీసి చూద్దామన్నా స్క్రీన్ రాదు. షాపులో అయితే పది నిమిషాల పని. బయాస్‌లో (మదర్‌బోర్డు సెట్టింగుల్లో) ఎక్స్‌ఎంపీ, అంటే ర్యామ్‌ను పూర్తి వేగంతో నడిపే సెట్టింగ్, ఆన్ చేయకుండా 3200 ర్యామ్‌ను రెండేళ్లు 2400 దగ్గర నడుపుకున్న వాళ్లను చూశాను. ఏఎమ్4లో (ఈ రైజెన్‌లు కూర్చునే సాకెట్) థర్మల్ పేస్టు ఎండిపోయాక కూలర్ లాగితే ప్రాసెసర్ కూడా దాంతో పాటే ఊడి వస్తుంది. అడుగున 1331 పిన్నులు. వంగినవి నేను సూదితో లేపాను, ఒక్కోటి గంటసేపు.

ఇంకో మాట. మా దగ్గర రెండు గంటలు కూర్చుని, ఏ బోర్డుకు ఏ ర్యామ్ పడుతుందో అన్నీ అడిగి, కొటేషన్ ఫోటో తీసుకుని, 300 తక్కువని ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టినవాళ్లు ఎందరో. నెల తిరక్కుండా అదే మెషీన్ సంచిలో వేసుకుని మా దగ్గరికే వచ్చేవాళ్లు, "అన్నా, ఒకసారి చూడవా" అని. చూసేవాణ్ణి, ఏం చేస్తాం.

జాయ్‌స్టిక్_జానీ
42 వేలకు ప్లేస్టేషన్ కొనుక్కుంటే ఈ గోలంతా ఉండదు కదా.

జగిత్యాల_పిల్లోడు
జానీ అన్నా, బ్లెండర్ కూడా ఉంది. ప్రాజెక్టు పని చేసుకోవాలి, లేకపోతే నాన్న చిట్టీ ఎత్తడు :)

వోల్టేజ్_మామ
స్క్రూడ్రైవర్ గారూ, షాపు అండగా ఉంటుంది అన్నారు కాబట్టి చెబుతున్నా. 2019 మే నెల. మా వీధిలో కరెంటు గంటకోసారి పోయి వచ్చేది. నా మెషీన్ కూడా ఇలాంటి దసరా ఆఫర్‌లో కొన్నదే, ఎస్‌ఎమ్‌పీఎస్ ఫ్రీ. ఒక మధ్యాహ్నం టప్‌మని చప్పుడు, కాలిన వాసన. అది పోతే పోయింది, బోర్డునూ హార్డ్‌డిస్క్‌నూ కూడా పట్టుకుపోయింది. మా అమ్మాయి అన్నప్రాసన ఫోటోలు అందులోనే ఉండేవి. షాపుకి వెళ్తే "ఎస్‌ఎమ్‌పీఎస్ ఫ్రీగా ఇచ్చింది సార్, దానికి వారంటీ ఉండదు" అన్నాడు. అప్పటి నుంచి నేను ఈ ఒక్క ప్రశ్నే అడుగుతున్నా, మీరు నవ్వుతున్నారు.

ఫ్రేమ్‌లెక్కల_రాజు
ఫోటోల సంగతి బాధగానే ఉంది మామా. కానీ అది బ్యాకప్ లేకపోవడం వల్ల పోయింది. ఒక్క సంఘటన పట్టుకుని 80 ప్లస్ ముద్ర లేని ప్రతిదీ బాంబు అంటే ఎలా? అసలు ఆ ముద్ర కరెంటు ఎంత వృథా అవుతుందో చెబుతుంది, పేలదని చెప్పదు.

వోల్టేజ్_మామ
నేనెప్పుడన్నా 80 ప్లస్ అని? నేనడిగింది కంపెనీ పేరు. ఓవర్ వోల్టేజ్, షార్ట్ సర్క్యూట్ రక్షణ లోపల ఉన్నాయా లేవా అన్నది. బాబూ, నీ ఫ్రెండ్‌ను ఆ డబ్బా పక్కనున్న స్టిక్కర్ ఫోటో తీసి పంపమను. +12వి అన్న గడిలో ఎన్ని ఆంపియర్లు రాసి ఉందో చెప్పు చాలు.

జగిత్యాల_పిల్లోడు
ఫ్రెండ్ ఇవాళ షాపుకి వెళ్లాడు. స్టిక్కర్ మీద పెద్దక్షరాలతో 450 వాట్లు ఉంది. +12వి కింద 16 ఏ అని ఉంది. కార్డు 6 జీబీదే. ర్యామ్ ఒకటే స్టిక్.

వోల్టేజ్_మామ
12 ఇంటు 16. చెప్పు రాజూ, లెక్కలు నీవే కదా.

ఫ్రేమ్‌లెక్కల_రాజు
192 వాట్లు.

సరే, ఒప్పుకుంటున్నా. ప్రాసెసర్, కార్డు రెండూ 12 వోల్టుల నుంచే తాగుతాయి. 88, 70 కలిపితే 158, మీద ఫ్యాన్లు. నడుస్తుంది, కానీ కొన్న రోజు నుంచే అంచు మీద నడుస్తుంది. రేపు పెద్ద కార్డు వేసే మాటే లేదు. ఇప్పుడు స్క్రూడ్రైవర్ గారు చెప్పాలి: పదకొండేళ్లలో ఇలాంటివి ఎన్ని బిగించారు? తెలిసే బిగించారా?

పాత_స్క్రూడ్రైవర్
తెలిసే బిగించాను. ఏం చేయమంటారు?

కాంబోలో ప్రాసెసర్ మీద, గ్రాఫిక్స్ కార్డు మీద షాపుకు మిగిలేది ఏమీ లేనట్టే. ఆ రెండింటి ధర ప్రతి కస్టమరూ ఫోన్‌లో చూసుకునే లోపలికి వస్తాడు. ఎవరూ వెతకనివి ఎస్‌ఎమ్‌పీఎస్, క్యాబినెట్, ఎస్‌ఎస్‌డీ. షాపు అద్దె, నా జీతం వాటిలోంచే రావాలి. మా ఓనర్ ఒక నెలంతా కొటేషన్‌లో "అసెంబ్లింగ్ 1,000" అని విడిగా రాసి చూశాడు. "నాలుగు స్క్రూలు బిగించడానికి వెయ్యా?" అని అందరూ పక్క షాపుకి పోయారు. పక్క షాపులో అదే వెయ్యి ఎస్‌ఎమ్‌పీఎస్‌లో దాగి ఉంది. మరుసటి నెల నుంచి మేమూ దాచడం మొదలుపెట్టాం.

వోల్టేజ్_మామ
అంటే మీ జీతం కోసం నా బోర్డు కాలిందన్నమాట.

పాత_స్క్రూడ్రైవర్
మామ గారూ, మాట జాగ్రత్త. మీ మెషీన్ నేను బిగించలేదు. మా పనికి విడిగా డబ్బు ఇవ్వం అని కస్టమర్లే అన్నారు కాబట్టి అది పార్టులోకి దూరింది. అది చెబుతుంటే నన్ను దొంగను చేస్తారేం?

ఫ్రేమ్‌లెక్కల_రాజు
బిల్లులో రాయండి, నేను ఇస్తాను. దాచిపెట్టి తీసుకోవడమే మోసం.

పాత_స్క్రూడ్రైవర్
మీరిస్తారా? పైన మీరు వేసిన లెక్క మళ్లీ చదవండి. ఏడు వస్తువులకూ ధర వేశారు. వాటిని కలిపి బిగించి, విండోస్ ఎక్కించి, డ్రైవర్లు వేసి, బయాస్ చూసే మనిషికి ఎంత వేశారు? సున్నా. ఆ సున్నా మీదే "2,200 ఎక్కువ" అని తేల్చేశారు.

ఊరికే_చూస్తున్నా
అబ్బా.

ఫ్రేమ్‌లెక్కల_రాజు
నా మెషీన్ నేనే బిగించుకుంటా, అలవాటులో ఆ గడి పెట్టలేదు. తప్పే. వెయ్యి కలిపితే 40,300. అప్పుడు తేడా 1,200. అయినా ఆ 1,200కు వచ్చేది ఆ రేకు డబ్బా.

పాత_స్క్రూడ్రైవర్
ఆ 1,200 సికింద్రాబాద్‌లో ఒక మనిషి ఉన్నాడన్న ధీమాకు. జగిత్యాల నుంచి అయినా సరే, బస్సెక్కి వస్తే "నువ్వు ఇచ్చిందే" అని అడగడానికి ఒక ముఖం ఉంటుంది. మీరు దీన్ని ఖర్చు అనుకుంటున్నారు, నేను బీమా అంటున్నాను. మన గొడవ అది, ప్రాసెసర్ గురించి కాదు.

వోల్టేజ్_మామ
నేను వెళ్లి అడిగిన ముఖం ఏమందో పైనే రాశాను.

జగిత్యాల_పిల్లోడు
అన్నలూ కొట్టుకోకండి. ఒకటి చెప్పడం మర్చిపోయా, ముఖ్యమో కాదో తెలియదు. ఫ్రెండ్ బిల్లు గురించి అడిగాడట. జీఎస్టీ బిల్లు కావాలంటే 18 శాతం అదనం, లేకపోతే చీటీ మీద స్టాంపు వేసి ఇస్తామన్నారట.

పాత_స్క్రూడ్రైవర్
ఇది మొదటి రోజే చెప్పాల్సింది నాయనా. వదిలెయ్.

నేను చెప్పిన బీమా అంతా బిల్లు ఉంటేనే. సర్వీస్ సెంటర్ వాళ్లు బిల్లు మీద సీరియల్ నంబర్ చూస్తారు, స్టాంపు చీటీ చూడరు. పోస్టర్‌లో వేసిన ఎమ్మార్పీలోనే పన్నులన్నీ కలిసి ఉంటాయి, మళ్లీ పైన 18 ఏమిటి? ప్రాసెసర్ కూడా డబ్బాలో వస్తుందో, ట్రేలోంచి తీసి ఇస్తారో తెలియదు. షాపుల తరఫున మాట్లాడిన నాకే సిగ్గుగా ఉంది.

ఫ్రేమ్‌లెక్కల_రాజు
41,500కు 18 శాతం అంటే 7,470. బిల్లుతో సహా 48,970. చూశావా, కాంబో అసలు ధర అది.

ఇప్పుడు నీ 42 వేలలో చూద్దాం. 5500 ఉంచు 8,000, బోర్డు 4,600, రెండు ఎనిమిదుల ర్యామ్ 3,300, ఎస్‌ఎస్‌డీ 2,900, ఆర్‌ఎక్స్ 6600 20,200. ఎస్‌ఎమ్‌పీఎస్‌కూ క్యాబినెట్‌కూ కలిపి 3,000 మిగులుతుంది.

వోల్టేజ్_మామ
132 వాట్ల కార్డు పెట్టి ఎస్‌ఎమ్‌పీఎస్‌కూ క్యాబినెట్‌కూ కలిపి 3,000 మిగులుస్తావా! ఇంతసేపు ఏం మాట్లాడుకున్నాం?

పాత_స్క్రూడ్రైవర్
ఇందులో మామ గారి మాటే నాదీ. 550 వాట్ల మంచి ఎస్‌ఎమ్‌పీఎస్ 3,800, లైట్లు లేని క్యాబినెట్ 1,900, కార్డు ఇప్పటికి 3050 6 జీబీదే 17,200. మొత్తం 41,700. వాలరెంట్ హాయిగా ఆడుకుంటాడు. ఏఎమ్4 అయిపోయింది అంటారు కానీ 5700ఎక్స్3డీ ప్రాసెసర్ 2024 జనవరిలోనే వచ్చింది. బయాస్ అప్‌డేట్ చేస్తే ఇదే బోర్డు మీద పడుతుంది. రెండేళ్ల తర్వాత కార్డు మారిస్తే ఎస్‌ఎమ్‌పీఎస్ మార్చక్కర్లేదు. కరీంనగర్‌లో పక్కా బిల్లు ఇచ్చే షాపు చూసుకో, పార్టులన్నీ ఒక్క చోటే కొను, రెండు మూడు వందలు ఎక్కువైనా. అసెంబ్లింగ్ విడిగా ఎంతో ముందే అడిగి ఇచ్చెయ్.

ఫ్రేమ్‌లెక్కల_రాజు
డబ్బుకు వచ్చే ఫ్రేములు చూస్తే 3050 6 జీబీ దండగ. ఈ మాట మీదే ఉంటా. రెండు నెలలు ఆగి 3,000 కూడబెట్టుకుంటే 6600 వస్తుంది.

జగిత్యాల_పిల్లోడు
రెండు నెలలు ఆగితే నాన్న ఆ డబ్బుతో బోరు వేయిస్తాడు అన్నా. స్క్రూడ్రైవర్ అన్న లిస్టు ప్రింట్ తీశాను, శనివారం నాన్న, నేను కరీంనగర్ వెళ్తున్నాం. అసెంబ్లింగ్ డబ్బులు నా పాకెట్ మనీలోంచి ఇస్తా.

వోల్టేజ్_మామ
550 వాట్లది, ఏ కంపెనీది?

కొత్త_సభ్యుడు_2024
హాయ్ ఫ్రెండ్స్, ఆ 41,500 ఆఫర్ ఇంకా ఉందా? షాపు నంబర్ పెట్టగలరా, మా తమ్ముడికి కావాలి.