మెకానికల్ టెంపరేచర్ గేజ్ బిగించాను, ముల్లు 60 దాటడం లేదు

పాతచక్రం:
అందరికీ నమస్కారం. నా దగ్గర 1964 మోడల్ కారు ఉంది, నాలుగు సిలిండర్ల ఇంజన్. బండితో వచ్చిన ఎలక్ట్రిక్ గేజ్ మీద అంకెలే లేవు. ఈ చివర సీ, ఆ చివర హెచ్, మధ్యలో ముల్లు తన ఇష్టం. దానితో విసిగిపోయి 40 నుంచి 120 డిగ్రీల దాకా అంకెలున్న మెకానికల్ గేజ్ కొన్నాను. ఆదివారం పొద్దున మొదలుపెడితే చీకటి పడేదాకా సరిపోయింది. అందులో రెండు గంటలు ఫైర్‌వాల్‌కే (ఇంజన్‌కూ క్యాబిన్‌కూ మధ్య ఉండే రేకు గోడ) పోయాయి. గేజ్ నుంచి ఇంజన్‌కు వెళ్లే ట్యూబ్ సన్నగానే ఉంది కదా అని చిన్న కన్నం వేశాను. తీరా చూస్తే దాని చివర వేడిని పసిగట్టే బల్బు నా వేలంత లావుంది! గేజ్, ట్యూబ్, బల్బు అంతా ఒకే ముక్క అని అప్పటిదాకా నాకు తట్టనే లేదు. మళ్లీ డ్రిల్ తీయాల్సి వచ్చింది.

ఇంజన్ పైభాగం, అంటే హెడ్‌లో, పాత గేజ్‌కు వేడి సంగతి చేరవేసే సెండర్ ఉన్న చోటే బల్బు పెట్టాను. కిట్‌లో వచ్చిన ఇత్తడి అడాప్టర్ ఒక్కటే సరిపోలేదు, ఒకదాని మీద ఇంకొకటి వేసి బిగించాను. కారడం లేదు. కానీ అరగంట నడిపినా ముల్లు 60 దగ్గరే ఉంటోంది. రేడియేటర్ పై హోస్ మాత్రం చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంది. గేజే పాడా? ఇంకో సంగతి, ట్యూబ్ దాదాపు ఒక మీటరు మిగిలింది. కోసేసి అతికించవచ్చా?

రెంచ్‌బాబు:
రెండో ప్రశ్నకు ముందు జవాబు చెప్తాను, ఈలోపు మీరు కటింగ్ ప్లయర్ తీస్తారేమోనని టెన్షన్‌గా ఉంది. కొయ్యకండి! కోసిన క్షణంలో లోపల ఉన్నది పోతుంది, ముల్లు అడుగున పడుకుంటుంది, ఇక లేవదు. పాత గేజుల్లో అయితే లోపల ఉండేది ఈథర్, నిప్పు తగిలితే భగ్గుమంటుంది. మిగిలిన ట్యూబ్‌ను గుండ్రంగా చుట్టి పెట్టుకోండి.

గ్రీజుచేతులు:
పాతచక్రం గారూ, గేజ్‌ను అప్పుడే తిట్టకండి. ముల్లు 40 నుంచి 60 దాకా లేచిందంటే ట్యూబ్ చిట్లలేదనే అర్థం. బల్బులో త్వరగా ఆవిరయ్యే ద్రవం ఉంటుంది. అది వేడెక్కితే ఆవిరి ఒత్తిడి ట్యూబ్ గుండా గేజ్‌లోకి వచ్చి, అక్కడ వంపుగా ఉన్న చదును గొట్టాన్ని కొంచెం విప్పుతుంది. పిల్లలు ఊదే కాగితపు బూర విచ్చుకున్నట్టే. ఆ గొట్టం కొసకే ముల్లు తగిలించి ఉంటుంది. ఇందులో కరెంటుకు పనే లేదు.

ఇంజన్ పూర్తిగా చల్లారాక, కూలెంట్ (ఇంజన్‌ను చల్లబరిచే నీళ్లు) మట్టం హెడ్ కిందికి దిగేదాకా తీసి, బల్బు ఊడదీయండి. మరుగుతున్న నీళ్లలో అడుగుకు ఆనకుండా వేలాడదీయండి. సముద్రమట్టం దగ్గర 100 చూపాలి, ఎత్తయిన ఊళ్లో ప్రతి 300 మీటర్లకు సుమారు ఒక డిగ్రీ తగ్గించుకోండి. రెండు మూడు డిగ్రీల తేడా ఉంటే పట్టించుకోకండి. ఈ పని బిగించకముందే చేయాలి. నేనూ మొదటిసారి చేయలేదు లెండి.

నా అనుమానమంతా ఆ అడాప్టర్ల మీదే. బల్బు పొడవెంత? రెండు అడాప్టర్ల ఎత్తెంత? కొలిచి చెప్పండి. బల్బు నీళ్లలో మునగాలి. ఇత్తడి గొట్టంలో గాలి మధ్య కూర్చుంటే దానికి ఇంజన్ సంగతి ఏం తెలుస్తుంది?

సర్క్యూట్:
అందరూ మెకానికల్ అంటే ఎందుకు ఎగబడతారో నాకర్థం కాదు. ఆ కాలపు కార్లలో చాలావాటికి డ్యాష్‌బోర్డ్ వెనక, గేజులకు వెళ్లే కరెంటును స్థిరంగా ఉంచే ఓ వోల్టేజ్ స్టెబిలైజర్ ఉంటుంది. అది పాడైతే పెట్రోల్ ముల్లు, టెంపరేచర్ ముల్లు రెండూ తప్పు చూపిస్తాయి. పెట్రోల్ గేజ్ కూడా తిక్కగా ఉందేమో చూశారా? దాన్ని మారిస్తే డ్రిల్ పనే ఉండేది కాదు. అదీగాక సెండర్ మరకు టెఫ్లాన్ టేప్ ఎక్కువ చుట్టినా ఎర్త్ సరిగా అందదు.

గ్రీజుచేతులు:
సర్క్యూట్ గారి మాట నిజమే, కానీ ఆయనకు కావాల్సింది అంకెలు.

పాతచక్రం:
కొలిచాను. బల్బు 45 మిల్లీమీటర్లు, రెండు అడాప్టర్లు కలిపి 38. అంటే నీళ్లలోకి దిగింది ఏడు మిల్లీమీటర్లే! మరిగే నీళ్లలో 98 చూపించింది, గేజ్‌కు క్షమాపణ చెప్పుకున్నాను. మర చుట్లు కొలిచే థ్రెడ్ గేజ్ పెట్టి చూస్తే హెడ్ కన్నానిది 5/8 అంగుళం, అంగుళానికి 18 చుట్లు. దానికి సరిపోయే పొట్టి అడాప్టర్ ఒక్కటే తెచ్చాను. (పెట్రోల్ గేజ్ కూడా తిక్కదే, సర్క్యూట్ గారూ. దాని సంగతి వచ్చే ఆదివారం.)

గ్రీజుచేతులు:
బిగించేటప్పుడు నట్టు మాత్రమే తిరగాలి, బల్బు తిరగకూడదు. ఒక చేత్తో ట్యూబ్ పట్టుకోండి. నట్టుతోపాటు బల్బు తిరిగితే దాని మెడ దగ్గర ట్యూబ్ మెలిపడి చిట్లుతుంది. నా మొదటి గేజ్ పోయింది అలాగే. బల్బు కాలర్ కూర్చునే చోట టేప్ వద్దు, అక్కడ లోహానికి లోహమే ఆనాలి. మిగిలిన ట్యూబ్‌ను ఇంజన్‌కూ ఫైర్‌వాల్‌కూ మధ్య రెండు మూడు చుట్లు వదులుగా తిప్పండి, ఒక్కోటి టీ కప్పు మూతి అంత. ఇంజన్ తనను మోసే రబ్బరు మౌంట్ల మీద ఊగుతుంది, బాడీ ఊగదు. ఆ ఊపంతా చుట్లే భరించాలి. ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌కు, యాక్సిలరేటర్ కడ్డీకి దూరంగా ఉంచండి. కన్నంలో రబ్బరు గ్రోమెట్‌ను (అంచుకు తొడిగే రింగు) ఒక పక్క కోసి తొడగండి, లేదంటే రేకు అంచు ట్యూబ్‌ను నెమ్మదిగా కోసేస్తుంది. కూలెంట్ నింపాక గాలి పోయేదాకా మూత తీసి ఇంజన్ తిప్పండి.

పాతచక్రం:
అయింది! ముల్లు మెల్లగా 86 దాకా ఎక్కింది, థర్మోస్టాట్ (వేడెక్కాక రేడియేటర్‌కు నీళ్లు వదిలే వాల్వ్) తెరుచుకోగానే ఒకసారి కిందికి జారి 82 దగ్గర నిలబడింది. నా థర్మోస్టాట్ మీద రాసి ఉన్నదీ 82 డిగ్రీలే. ఆగి ఉన్నప్పుడు 93 దాకా పోతోంది, కదలగానే దిగుతోంది. ఒకటే అనుమానం, నట్టు కింద చిన్న తడి కనిపిస్తోంది.

గ్రీజుచేతులు:
93కి కంగారు పడకండి. మీ రేడియేటర్ మూత ఏడు పౌండ్ల ఒత్తిడిదైనా, ఆ ఒత్తిడిలో ఉత్త నీళ్లు కూడా 110 దాకా మరగవు. తడి ఉంటే, ఇంజన్ చల్లారాక నట్టు పావు చుట్టు బిగించండి. ట్యూబ్ మాత్రం పట్టుకునే.