ఇన్ఫెక్షన్ లేని సర్స్‌ను (SIRS, ఒళ్లంతా వ్యాపించే వాపు ప్రతిస్పందనను) కేస్ షీటులో ఎలా రాయాలి?

ప్రశ్న (మెడిసిన్ పీజీ, విశాఖపట్నం):
గాజువాక నుంచి కడుపునొప్పితో వచ్చిన రోగికి రక్తంలో లైపేజ్ (క్లోమం తయారుచేసే ఎంజైమ్) బాగా పెరిగి ఉంది, స్కానులో పాంక్రియాటైటిస్ (క్లోమం వాపు) అని తేలింది. చేరేటప్పటికి జ్వరం 38.4 డిగ్రీల సెల్సియస్, నాడి 118, శ్వాస 26, తెల్లరక్తకణాలు 15,000. ఆ రాత్రి డ్యూటీలో ఉన్న నేను ‘సెప్సిస్’ (ఇన్ఫెక్షన్ వల్ల అవయవాలు దెబ్బతినే స్థితి) అని రాశాను. తరువాత కల్చర్లలో (సూక్ష్మజీవులను పెంచి చూసే పరీక్షల్లో) ఏమీ పెరగలేదు, ఇన్ఫెక్షన్ ఎక్కడా కనిపించలేదు. అయినా నేను రాసిన మాటనే రోజూ ఎత్తిరాస్తూ పోవడంతో అది డిశ్చార్జ్ సమ్మరీ ముసాయిదాలోకీ చేరింది. దీన్ని ఎలా సరిచేయాలి?

జవాబు (ఐసీయూ వైద్యుడు):
1991 నాటి ప్రమాణాల ప్రకారం ఉష్ణోగ్రత 38 దాటడం లేక 36 కన్నా తగ్గడం, నాడి 90 దాటడం, శ్వాస 20 దాటడం, తెల్లకణాలు 12,000 మించడం లేక 4,000 కన్నా తగ్గడం అనే వాటిలో కనీసం రెండుంటే సర్స్ అంటాము. మీ రోగికి నాలుగూ ఉన్నాయి గానీ, అవి ఇన్ఫెక్షన్‌కు రుజువు కావు. దెబ్బతిన్న క్లోమమే అంతటి వాపు ప్రతిస్పందనను రేపగలదు, కాలిన గాయాలూ పెద్ద ప్రమాదాలూ అంతే. 2016 నిర్వచనంలో సెప్సిస్ అనాలంటే ఇన్ఫెక్షన్‌తో పాటు, దానివల్ల అవయవాలు దెబ్బతిని సోఫా స్కోరు (అవయవాలు ఎంత దెబ్బతిన్నాయో కొలిచే అంకె) కనీసం 2 పెరగాలి. మొదటి రాత్రి అనుమానించడం తప్పు కాదు, ‘అనుమానం’ అని రాయకపోవడం, తరువాత దాన్ని తోసిపుచ్చుతూ ఒక్క వాక్యమైనా చేర్చకపోవడం తప్పు. పాత నోటును కొట్టివేయకండి. తేదీ, సమయం వేసి, ‘అక్యూట్ పాంక్రియాటైటిస్ వల్ల సర్స్, ఇన్ఫెక్షన్ ఆధారాలు లేవు’ అని కొత్త నోటు రాయండి. కల్చర్ నెగటివ్ ఒక్కటే చాలదు కాబట్టి, మరే కారణాలతో ఆ నిర్ణయానికి వచ్చారో కూడా అందులో ఉండాలి.

జవాబు (మెడికల్ కోడర్, మధురవాడ):
నేను అమెరికా ఆసుపత్రుల రికార్డులు చూసి, వాటిలోని వ్యాధులకు కోడ్‌లు వేస్తాను. అక్కడి వ్యాధుల కోడ్‌ల జాబితా అయిన ఐసీడీ-10-సీఎంలో ముందు మూలవ్యాధిని, ఆ తరువాత ఆర్65.10ను, సర్స్ వల్ల అవయవం దెబ్బతింటే దాని బదులు ఆర్65.11ను వేస్తాము. ఆ ‘వల్ల’ అనే మాట వైద్యులే రాయాలి, మేము ఊహించకూడదు. కిడ్నీ దెబ్బతిన్నది సర్స్ వల్లనా, నీళ్లు తగ్గడం వల్లనా అన్నది స్పష్టంగా లేకపోతే రికార్డు ప్రశ్నతో తిరిగి వైద్యుడి దగ్గరకే వెళ్తుంది.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. రెండో రోజు క్రియాటినిన్ (కిడ్నీ పనితీరును చూపే రక్తపరీక్ష) 1.9కి చేరి, సెలైన్‌తో దిగివచ్చింది. దానికి కారణమేమిటో ఎవరూ రాయలేదని ఇప్పుడే గమనించాను. రేపు ఉదయం రౌండ్స్‌లో మా యూనిట్ చీఫ్ గారిని అడిగి, ఆ కారణంతో సహా కొత్త నోటు రాసిన తరువాతే సమ్మరీని సంతకానికి పంపుతాను.